ముప్పు ఉందని తెలిసిన తరువాత: గుండె జబ్బు భయాన్ని మనసు ఎలా తట్టుకోవాలి?



గుండె జబ్బుల గురించి వైద్యులు ఎన్నో ప్రసంగాలు చేశారు. ఏం తినాలి, ఏం మానాలి, ఎంత నడవాలి అన్నవి మీరు విన్న సంగతులే. అవన్నీ మొదలయ్యే ముందు మనిషి మనసులో జరిగేది ఒకటి ఉంది. ఈ రోజు దాన్ని గురించి మాట్లాడుకుందాం. "మీకు గుండెపోటు వచ్చే ముప్పు ఎక్కువగా ఉంది" అని వైద్యుడు చెప్పిన క్షణం నుంచి ఆ మనిషి ఏమవుతాడు? ఆ భయం అతనికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? దాన్ని మేలు వైపు తిప్పుకోవడం ఎలా?

సూరత్ నగరానికి నైరుతి వైపు, ఉధ్నా-మగ్దల్లా రోడ్డుకు దగ్గరలో ఆల్థాన్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు అపార్ట్‌మెంట్లతో నిండిన పేట. అక్కడికి తూర్పుగా పాండేసరా, ఉధ్నా పారిశ్రామిక వాడలు ఉన్నాయి. సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుదామని కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు ఎన్నో దశాబ్దాలుగా వలస వచ్చాయి. అలా వచ్చిన ఒక మనిషిని ఉదాహరణ కోసం ఊహించుకుందాం. వయసు 46. ఆల్థాన్‌లో చిన్న అద్దె ఇల్లు. 12 గంటల పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రోజుకు ఒక కట్ట బీడీలు. తండ్రి 52 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు.

ఏదో పరీక్షా శిబిరంలో ఇతని రక్తపోటు చూశారు. 160/100 ఉంది. రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. వైద్యుడు పట్టిక చూసి, "వచ్చే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం నూటికి 20 దాకా ఉంది" అన్నాడు. ఇంటికి వచ్చాక భార్య అడిగింది, "డాక్టర్ ఏమన్నడు?" అని. "ఏం లేదు, గోళీలు రాసిండు" అని చెప్పి, ఆ కాగితం బీరువాలో బట్టల కింద పెట్టాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇతనికి నొప్పి లేదు, ఆయాసం లేదు. నిన్న చేసిన పని ఈ రోజూ చేయగలడు. మరి అతనిలో ఏం మారింది? ఒక అంకె తెలిసింది, అంతే. ఈ స్థితి మన తాతలకు లేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో మరణించారు. ఆయన రక్తపోటు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. అయినా దాన్ని సమర్థంగా తగ్గించే మందులు ఆనాటి వైద్యుల చేతిలో లేవు. 1948లో ఆ దేశంలోనే ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకుని ఏళ్ల తరబడి పరిశీలించడం మొదలుపెట్టారు. ఎవరికి గుండె జబ్బు వస్తోంది, వారిలో ముందునుంచే ఏ లక్షణాలు ఉన్నాయి అని చూశారు. "ముప్పు కారకాలు" అన్న మాట 1961లో ఆ పరిశోధకుల పత్రంతోనే వైద్యలోకంలో వాడుకలోకి వచ్చింది. అప్పటి నుంచి ఆరోగ్యవంతుడికీ రోగికీ నడుమ ఒక కొత్త మనిషి పుట్టాడు. అతను రోగి కాడు, అలాగని నిశ్చింతగానూ ఉండలేడు. ఈ నడిమి స్థితిలో ఎలా బతకాలో చెప్పే సామెతలు కూడా మనకు లేవు.

ఈ స్థితిలో మనసు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి పడుతుంది. మొదటిది కాదనుకోవడం. "యంత్రం తప్పు చూపించింది, నేను దిట్టంగానే ఉన్నాను" అంటాడు. రెండవది అతిగా భయపడటం. గంటకోసారి నాడి పట్టుకుని చూసుకుంటాడు, ఛాతీలో కండరం కదిలినా ప్రాణం పోతోందనుకుంటాడు, బరువు ఎత్తడు, మెట్లు ఎక్కడు. మూడవది తలరాత అనుకోవడం. "నాన్న అట్లనే పోయిండు, నేనూ అట్లనే పోతాను" అని బీడీ వెలిగిస్తాడు. ఈ మూడూ వేరువేరుగా కనిపించినా ఫలితం ఒక్కటే. చేయవలసిన పని ఆగిపోతుంది.

ఇవేవీ బలహీనతలు కావు. హఠాత్తుగా తగిలిన వార్తను మనసు తనకు తోచిన రీతిలో మోస్తోంది, అంతే. కొన్ని రోజుల పాటు నిద్ర తగ్గడం, చిరాకు, ఏడుపు రావడం సహజం. ఆ రోజుల్లో పెద్ద నిర్ణయాలు చేయకుండా, వచ్చిన భయాన్ని భయమని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. "నాకు భయంగా ఉంది" అని పైకి అనగలిగిన మనిషి సగం దారి నడిచినట్లే.

రెండవ మెట్టు అంకెను అర్థం చేసుకోవడం. నూటికి 20 అంటే ఏమిటి? ఇతని వంటి వయసు, రక్తపోటు, అలవాట్లు ఉన్న నూరుగురిని ఒకచోట నిలబెడితే, ఏమీ చేయకుండా వదిలేస్తే, పదేళ్లలో సుమారు 20 మందికి ఆపద వస్తుంది, 80 మందికి రాదు అని. ఇతనికి తప్పక వస్తుందని ఆ అంకె చెప్పలేదు. పైగా అది రాతిమీద చెక్కిన అంకె కాదు. చెడు కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 39 మిల్లీగ్రాములు తగ్గితే ముప్పు సుమారు అయిదో వంతు తగ్గుతుందని పెద్ద పరిశోధనలు తేల్చాయి. పై రక్తపోటు 10 పాయింట్లు తగ్గితే దాదాపు మరో అయిదో వంతు తగ్గుతుంది. లెక్క వేయండి. 20 కాస్తా 16 అవుతుంది, 16 కాస్తా 13 అవుతుంది. పొగ మానితే ఇంకా దిగుతుంది. పొగ తాగడం వల్ల అదనంగా చేరిన గుండె ముప్పు, మానిన ఏడాదికే సుమారు సగానికి పడిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తండ్రి చరిత్ర మాటేమిటి? వారసత్వం నిజమే. మనవారికి గుండెపోటు తొందరగా వస్తుందన్నదీ నిజమే. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు దక్షిణాసియా వారిలో 53 ఏళ్లని, ఇతర దేశాల వారికంటే అది చాలా ముందని తేలింది. కానీ అదే అధ్యయనం ఇంకొక సంగతి కూడా చెప్పింది. పొగ, కొలెస్ట్రాల్, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, మద్యం, వ్యాయామం లేకపోవడం అన్న తొమ్మిది అంశాలతోనే ముప్పులో దాదాపు 90 శాతాన్ని వివరించవచ్చని తేల్చింది. వీటిలో ఎక్కువ భాగం మన చేతికి అందేవే. తండ్రి కాలంలో ఆయన రక్తపోటు ఎవరూ చూసి ఉండకపోవచ్చు. కొడుకుది చూశారు. ఇద్దరి కథా ఒకటే అనుకోనక్కరలేదు.

నేత పని తెలిసినవారికి ఒక పోలిక చెబుతాను. సాంచె మీద పేక పోగు తెగితే సాంచె దానంతటదే ఆగుతుంది. ఆగిందని నేతగాడు కుమిలిపోడు. ఆగకపోతే గజాల కొద్దీ బట్ట పాడయ్యేదని అతనికి తెలుసు. పోగు సరిచేసి మళ్లీ నడిపిస్తాడు. వైద్యుడిచ్చిన కాగితాన్ని కూడా అలాగే చూడవచ్చు.

మూడవ మెట్టు ఇంట్లో చెప్పడం. మన ఉదాహరణలోని మనిషి కాగితం ఎందుకు దాచాడు? భార్య బెంగపెట్టుకుంటుందని, ఊళ్లో తల్లికి తెలిస్తే తిండి మానేస్తుందని, పని ఇచ్చే సేఠ్‌కు తెలిస్తే పోతుందని. ఈ కారణాల్లో ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది. కానీ దాచిన మనిషి ఉప్పు తగ్గించమని భార్యను ఎలా అడుగుతాడు? ఛాతీలో నొప్పి వస్తే ఆమెకు ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? అందరికీ చెప్పనక్కరలేదు. ఒక్కరికి చెప్పాలి. చెప్పేటప్పుడు భయంతో పాటు పని కూడా చెప్పాలి. "ముప్పు ఉందన్నరు. గోళీలు వేసుకుంటే, బీడీ మానేస్తే తగ్గుతదన్నరు. నువ్వు తోడుండాలె" అంటే విన్నవారికి ధైర్యం వస్తుంది.

వినే ఇంటివారికి కూడా ఒక మాట. రేపటి నుంచి పోలీసు కావలివారు కావద్దు. ప్రతి ముద్దనూ లెక్కపెడితే ఆ మనిషి బయట దొంగచాటుగా తింటాడు. ఆయనకొక్కరికే చప్పిడి కూర వండే బదులు ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించండి. పెద్దవారికి రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సాయంత్రం ఆల్థాన్ తోటకో, మీ వీధి చివరికో ఇద్దరూ కలిసి నడవండి. నడక గుండెకు మంచిది. ఇంట్లో చెప్పుకోలేని మాటలు నడకలో బయటికి వస్తాయి, అది మనసుకు మంచిది. ఇంటి ఆడవారికి కూడా ఈ పరీక్షలు చేయించండి. వారి ముప్పు చాలాసార్లు ఎవరూ అడగనందువల్లే తెలియకుండా పోతుంది.

నాలుగవ మెట్టు మాత్రల భయం. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి, ఒళ్లు పాడవుతుంది" అని చాలామంది మానేస్తారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల వల్ల ఒళ్లు నొప్పులని ఆపేసిన 60 మందిని తీసుకుని లండన్‌లో ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా ఉంచారు. అసలు మాత్రతో వచ్చిన బాధలో సుమారు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. అంటే బాధ అబద్ధమని కాదు. భయం కూడా ఒంట్లో నొప్పిగా కనిపిస్తుందని. అలాగని నిజమైన దుష్ఫలితాలు ఎవరికీ రావని కాదు. ఇబ్బంది ఉంటే వైద్యుడికి చెప్పి మోతాదో మందో మార్పించుకోవాలి. చెప్పకుండా ఆపేయడం మాత్రం వద్దు.

అయిదవది రోజువారీ ఆందోళనను పట్టుకోవడం. రక్తపోటు ఇంట్లో చూసుకుంటే వైద్యుడు చెప్పిన వేళల్లోనే చూసి పుస్తకంలో రాయండి. గుబులు కలిగినప్పుడల్లా చూస్తే ఆ గుబులుకే అంకె పెరుగుతుంది. రోజుకు పది నిమిషాలు కూర్చుని, నిమిషానికి ఆరుసార్ల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. యోగా చేయవచ్చా? చేయవచ్చు. మన దేశంలోని 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిపై జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, యోగా నేర్చినవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, మునుపటి పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లారు. అయితే మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు స్పష్టంగా తగ్గినట్లు తేలలేదు. కాబట్టి యోగాను మందుతో పాటు చేయండి, మందుకు బదులుగా కాదు.

భయం ఎప్పుడు జబ్బవుతుంది? రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం, ఈ రెండింటిలో ఏది ఉన్నా దాన్ని కుంగుబాటుగా అనుమానించి వైద్యుడికి చెప్పాలి. కుంగిన మనిషి మాత్రలు మరుస్తాడు, నడక మానేస్తాడు, మద్యం వైపు వెళతాడు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. గుజరాతీలో మనసు విప్పలేనివారికి ఇది పెద్ద ఊరట.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఛాతీ మధ్యలో బరువు, నొక్కినట్లు నొప్పి, అది దవడకో చేతికో పాకడం, చల్లని చెమట, ఆయాసం ఉంటే "ఇది ఉత్త భయమేలే" అని ఎవరికి వారు తేల్చుకోవద్దు. 108కి ఫోను చేయండి. ఆ సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005లో, గుజరాత్‌లో 2007లో మొదలైంది. వెళ్లాక ఏమీ లేదని తేలితే నవ్వుకుంటూ తిరిగి రావచ్చు.

చివరిగా సూరత్ నగరమే నేర్పిన పాఠం. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వార్త వ్యాపించింది. కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు దొరకలేదు. మరుసటి ఏడాది, 1995లో, ఎస్.ఆర్.రావు నగరపాలక కమిషనరుగా వచ్చారు. చెత్త ఎత్తడం, మురుగు తీయించడం, అధికారులు ప్రతిరోజూ వీధుల్లో తిరిగి చూడటం. ఇందులో ఏదీ అద్భుతం కాదు. రోజూ చేశారు, అంతే. రెండేళ్లలోపే ఆ ఊరు దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిచింది. భయం వచ్చిన రోజున ఊరు పరుగెత్తింది. ఆ భయం పనిగా మారాక ఊరు కుదుటపడింది.

ముందు జాగ్రత్తలో ఒక కష్టం ఉంది. అది ఫలించినప్పుడు ఏమీ జరగదు. ఇందాకటి లెక్కలో నూటికి ఏడుగురు ఆపద తప్పించుకున్నారు. ఆ ఏడుగురిలో తాను ఉన్నానో లేదో ఆల్థాన్‌లోని మన మనిషికి ఎన్నటికీ తెలియదు. పదేళ్ల తరువాత ఒక ఉదయం మామూలుగా లేస్తాడు, గోళీ వేసుకుంటాడు, పనికి వెళతాడు. ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ మామూలు ఉదయమే అతను సంపాదించుకున్నది.

కాబట్టి ఈ రాత్రికి చేయవలసింది ఒక్కటే. కాగితం ఎక్కడ దాచారో అక్కడి నుంచి తీయండి. ఇంట్లో ఒకరికి చూపించండి. మిగతావి రేపటి నుంచి ఒక్కొక్కటిగా.