కట్టడపు పనిలో యోగ్యతా పత్రములు



వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయ కల్యాణ మండపమును మలచిన శిల్పులు ఏ పరీక్షయు వ్రాసినవారు కారు. గురువు మెచ్చుటయే వారికి పట్టా. ఒడుగత్తూరు చుట్టుప్రక్కల తాపీమేస్త్రీలు, తమిళ వాడుకలో కొత్తనారులు, నేటికిని చాలమంది అట్లే పని నేర్చినవారు. రసమట్టము పెట్టకముందే గోడ వాలును కంటితో చెప్పగల నేర్పరులు. ఐనను ఇరువదియేండ్లు పనిచేసిన మేస్త్రీ పెద్ద కంపెనీ గుమ్మము వద్ద "సర్టిఫికెట్టు ఏది?" అన్న ప్రశ్నకు నిలిచిపోవుచున్నాడు. కొడుకునైనను ఆ గుమ్మము దాటించవలెనను తండ్రులు ఈ సభలో ఉన్నారు.

పిల్లవానికి 14 ఏండ్లు నిండినచో ఐ.టి.ఐ.లో చేరవచ్చును. ఎనిమిదవ తరగతి ప్యాసైనవారికి వైర్‌మన్, వడ్రంగము వంటి ట్రేడులు కలవు. ఎలక్ట్రీషియన్, సర్వేయరు, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడులకు పదవ తరగతిలో గణితము, సైన్సు ఉండవలెను. ఇవి రెండేండ్ల చదువులు. చేరుటకు ముందు ఆ సంస్థకు గుర్తింపు ఉన్నదో లేదో విచారించుట తల్లిదండ్రుల పని. అందమైన ముద్ర గల కాగితములన్నియు పట్టాలు కావు. వైరింగు పనికి ఐ.టి.ఐ. పత్రమొక్కటే చాలదు, తమిళనాడు విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చు సామర్థ్య పత్రము వేరు.

పదవ తరగతి పిదప మూడేండ్ల సివిల్ డిప్లొమా మరొక దారి. ఐ.టి.ఐ. ముగించినవారు డిప్లొమా రెండవ సంవత్సరమున, డిప్లొమా ముగించినవారు బి.ఇ. రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. కనుక ఐ.టి.ఐ.కి పోయినవాని చదువు అక్కడితో ఆగినదనుట పొరపాటు. ఉద్యోగము చేయుచు ఎ.ఎం.ఐ.ఇ. వ్రాయుట పూర్వము అనేకులకు ఆధారము. ఐతే 2013 మే 31 వరకు నమోదైనవారికే అది డిగ్రీతో సమానముగా కేంద్రము గుర్తించినది. పాత పేరు విని డబ్బు కట్టరాదు. ఇక ఆర్కిటెక్టు అను పేరు 1972 నాటి చట్టము ప్రకారము ఆర్కిటెక్చర్ మండలిలో నమోదైనవారికే చెల్లును.

బడి విడిచి ఏండ్లు గడచిన మేస్త్రీ సంగతి ఏమి? పూర్వానుభవమును గుర్తించి, కొద్ది దినముల శిక్షణ, పరీక్ష పిదప పత్రమిచ్చు పద్ధతి 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేరినది. పత్రము కంటె ముందు సంక్షేమ బోర్డులో నమోదు అవసరము. తమిళనాడులో నిర్మాణ కార్మికుల బోర్డు 1994లోనే ఏర్పడినది. 18 నుండి 60 ఏండ్ల లోపువారై, గడచిన పన్నెండు నెలలలో 90 దినములు పనిచేసినవారు అర్హులని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు చెప్పుచున్నది. చిత్తాళ్లుగా ఇటుకలు, సిమెంటు మోయు స్త్రీలకును ఇది వర్తించును. వారి పేరు వ్రాయించుట ఇంటివారు తరచు మరతురు.

గల్ఫు దేశములకు పోదలచినవారికి పదవ తరగతి పత్రమే గొప్ప రక్ష. అది లేనివారు కువైట్, సౌదీ వంటి 18 దేశములకు ఉద్యోగార్థము పోవుటకు వలస అనుమతి పొందవలసియుండును. సింగపూరులో అక్కడి భవన నిర్మాణ సంస్థ నైపుణ్య పరీక్షకు విలువ ఎక్కువ.

అన్నింటికి మూలము పేరు. తెలుగు కుటుంబములలో కొందరు ఇంటిపేరు వ్రాయుదురు, కొందరు ఇక్కడి ఆచారము ననుసరించి తండ్రి పేరు మొదటి అక్షరము వ్రాయుదురు. బడి పత్రములో ఒకటి, ఆధార్‌లో మరొకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉన్నచో ఏ కచేరీలోనైనను తిరుగుట తప్పదు. పదవ తరగతి పరీక్షకు పేర్ల జాబితా పంపకముందే తల్లిదండ్రులు బడికి వచ్చి పేరు, పుట్టిన తేదీ, మొదటి అక్షరము చూచి సంతకము చేయవలెను. పరీక్ష ముగిసిన పిదప దిద్దుబాటునకు నెలలు పట్టును.