గోడకు వెచ్చదనము – ఇంటికి ఊపిరి



ఇంగ్లండులో పెక్కు ఇండ్ల వెలిగోడలు రెండు వరుసలు. నడుమ ఖాళీ కలదు. చలి నాపుటకు అందులో ఖనిజపు ఉన్నియో, పాలిస్టిరీన్ పూసలో నింపుదురు. మంచి పనియే. కాని గాలికై విడిచిన చిల్లుల ఇటుకలు పూడిపోయినచో కొయ్యనేల క్రింద చెమ్మ చేరి దూలములు చివికిపోవును. గ్యాసుపొయ్యికి గాలి చాలక కార్బన్ మోనాక్సైడు పుట్టును, దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును. కావున ఆ చిల్లులకు ముందే గొట్టములు తొడిగి గాలిదారి నిలుపవలెను. 2021 నాటి అక్కడి మార్గదర్శక పత్రము ప్రకారము, అవసరమైనపుడు వేసెడి పంకా స్నానపుగదిలో సెకనుకు 15 లీటర్లు, వంటగదిలో పొయ్యిమీదనైన 30, వేరుచోటనైన 60 లీటర్ల గాలిని వెలికి పంపవలెను. అక్కడ కాపురమున్న మన బిడ్డలకు ఈ సంగతి తెలుపుడని మేము మనవి చేయుచున్నాము.