కారు ముందరి అద్దము – బీమా



కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోవు రహదారిలో రాళ్ల లారీలు రేయింబవళ్లు తిరుగుచుండుట మీరెఱిగినదే. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాళ్లు, సున్నపురాయి, సిమెంటు ఆ లారీల మీదనే పోవును. చక్రము క్రిందినుండి యెగిరిన కంకరరాయి యొకటి వెనుక వచ్చు కారు అద్దమునకు తగిలిన చాలును, చుక్కంత పగులు పుట్టును. మన వేసవి యెండకు అది నానాటికి ప్రాకి, తుదకు అద్దమునే మార్చవలసివచ్చును. ఆ వ్యయమును బీమా కంపెనీ యిచ్చునా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

కారు బీమా రెండు విధములు. మొదటిది చట్టము నిర్బంధించినది. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి ప్రతి వాహనమునకు నిది యుండితీరవలెను. మన వాహనమువలన పరులకు కలిగిన నష్టమునకే యిది చెల్లును. మన అద్దమునకు ఒక్క కాసైనను రాదు. రెండవది మన స్వంత వాహనపు నష్టమునకు చేయు బీమా. అద్దమునకు సొమ్ము వచ్చునది దీనివలననే.

ఇచ్చట పలువురు మోసపోవుచున్నారు. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారు కొన్నవారు మొదటి విధపు బీమాను ఒకేమారు 3 సంవత్సరములకు చేయవలసియున్నది. స్వంత నష్టపు బీమా మాత్రము సాధారణముగా 1 సంవత్సరమునకే యుండును. కాగితముపై 3 సంవత్సరముల గడువు చూచి నిశ్చింతగా నున్నవారికి, రెండవ యేట అద్దము పగిలిననాడు గాని సంగతి తెలియదు.

బీమా యున్నచో ఎంత వచ్చును? ఇతర భాగములకు వాహనపు వయస్సునుబట్టి తఱుగుదల తీసివేయుదురు గాని, గాజునకు తఱుగుదల లేదు. అద్దము చుట్టునుండు రబ్బరునకు మాత్రము సగమే యిత్తురు. ఇంతేకాక, ప్రతి నష్టములోను చిన్న కారునకు 1,000 రూపాయలు, 1500 సీసీ మించిన యంత్రము గల కారునకు 2,000 రూపాయలు యజమానియే భరింపవలెను.

అయినను వచ్చుచున్నది కదా యని తొందరపడరాదు. నష్టపరిహారము కోరని యజమానికి స్వంత నష్టపు ప్రీమియములో ఏటేట 20, 25, 35, 45, 50 వంతున నూటికి తగ్గింపు కలదు. ఒక్కమారు పరిహారము కోరినచో ఆ తగ్గింపు సాధారణముగా పోయి, మరల మొదటికి వచ్చును. ప్రీమియము 10,000 రూపాయలనియు, ఇప్పుడు నూటికి 35 తగ్గింపు కలదనియు ననుకొందము. 6,000 రూపాయల అద్దమునకు పరిహారము కోరినచో 5,000 వచ్చును. కాని మరుసటి యేట 4,500, ఆపై యేట 3,000 అధికముగా చెల్లింపవలెను. వచ్చినది 5,000, పోయినది 7,500! అద్దము వెల 25,000 అయినచో పరిహారము కోరుటయే లాభము. కొన్ని పాలసీలలో తగ్గింపు పోకుండ కాపాడు షరతు లుండును గనుక, ముందుగా వ్రాతమూలముగా తెలిసికొనుడు.

అద్దము పగిలినచో ముందు ఛాయాచిత్రములు తీయించి, వెంటనే కంపెనీకి తెలుపవలెను. వారు చూచి అనుమతింపకమునుపే అద్దము మార్పించినచో పరిహారము చిక్కులలో పడును. నడిపినవానికి తగిన లైసెన్సు ఉండవలెను. చుక్కంత పగులైనచో జిగురుమందు నింపి ఆపు పనివారు పట్టణములలో గలరు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

కంపెనీ నిరాకరించినచో మొదట వారికే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. నెలలోపల ప్రత్యుత్తరము రాకున్నను, వచ్చినది సమంజసముగా లేకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఒక సంవత్సరములోపల వ్రాసికొనవచ్చును. అందులకు రుసుము లేదు, వకీలుతో పనిలేదు.

మీ యింట కారున్నయెడల, నేడే ఆ కాగితమును తెప్పించి, స్వంత నష్టపు బీమా గడువు తేదీని వేఱుగా చదివి చూడుడని నా మనవి.