ఇండో 2

(వయోజన విద్యా కేంద్రంలో మహిళల సమావేశంలో ఒక రిటైర్డ్ టీచరు చేసిన ప్రసంగం)



నన్ను ఇండోనేషియా ప్రయాణం గురించి చెప్పమన్నారు. "విమానం ఎట్లా ఉంటుంది టీచరమ్మా?" అని ముందు వరసలో కూర్చున్న అక్క ఇందాకే అడిగింది. విమానం సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. బస్సు లాగే ఉంటుంది. కిటికీ తియ్యనివ్వరు, అంతే. హైదరాబాదులో ఎక్కి, మలేషియాలో దిగి, ఇంకో విమానం ఎక్కాను. జావా అనే దీవిలో యోగ్యకర్త అనే ఊళ్లో దిగాను. మన గడియారం కంటే వాళ్లది గంటన్నర ముందు.

ఇది 2017 ఆగస్టు మాట. అక్కడ పెద్దవాళ్లకు చదువు చెప్పే టీచర్లు ముప్ఫై మందికి ట్రైనింగు ఇవ్వమని ఒక సంస్థ వాళ్లు పిలిచారు. వారం రోజుల పని. 1990లలో మన అక్షరాస్యత ఉద్యమంలో నేను రాత్రి బడి నడిపినదాన్ని. అందుకని పిలిచారు. నాకు లోపల భయమే. మా అమ్మ చివరిదాకా వేలిముద్రే వేసింది. ఆమె కూతురు పరాయి దేశం పోయి టీచర్లకు పాఠం చెప్పడమా అనిపించింది.

ఇండోనేషియా అంటే పదిహేడు వేలకు పైగా దీవులు. ముస్లింలు ఎక్కువ. అయినా రామాయణం, భారతం వాళ్లకు కొట్టినపిండి. మన తోలుబొమ్మలాట లాంటి ఆట తెల్లవార్లూ ఆడతారు. డబ్బును రుపియా అంటారు. నేను అయిదు వేల రూపాయలు మారిస్తే పది లక్షల రుపియాలు చేతిలో పెట్టారు. ఒక్క రోజు లక్షాధికారిని అయ్యాను! ఆ సాయంత్రం అన్నం తిని, ఆటో లాంటి బండి ఎక్కేసరికి లక్ష ఖర్చయింది.

వాళ్ల మాటలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. టీచరును గురు అంటారు. భాషను బహాస అంటారు. పేరు నామ. అక్షరం అక్సర. భార్యను ఇస్త్రి అంటారు. మొగుణ్ణి ఏమంటారో తెలుసా? సువామి. మన స్వామే. నవ్వకండి, నేనూ అక్కడ నవ్వాను, వాళ్లకు ఎందుకో అర్థం కాలేదు. చదువు రానివాళ్లను మాత్రం "బుతా హురుఫ్" అనేవారు. అంటే అక్షరాలకు గుడ్డివాళ్లు. ఆ మాట నాకు నచ్చలేదు. మీకూ నచ్చదు.

ఇక పని సంగతి. మొదటి రోజు నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఒక అమ్మాయి వాళ్ల భాషలోకి మార్చేది. "అర్థమైందా?" అని అడిగితే ముప్ఫై తలలూ ఊగాయి. "ఇంగ్గి, ఇంగ్గి" అన్నారు. జావా భాషలో మర్యాదగా అవునండీ అనడం అది. నేను సంతోషంగా ఆరు గంటలు చెప్పాను. సాయంత్రం ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. ఇంగ్గి అంటే వింటున్నామండీ అని కూడానట. పెద్దవాళ్లను ఎదురు ప్రశ్న వెయ్యడం అక్కడ మర్యాద కాదు. ఆరు గంటల్లో ఎంత ఎక్కిందో దేవుడికే తెలియాలి.

రెండో రోజు కాగితాలు పక్కన పెట్టాను. ఒక్కొక్కరికి తెల్ల కాగితం ఇచ్చి, బోర్డు మీద తెలుగులో "అమ్మ" అని రాసి, చూసి రాయమన్నాను. అక్కలారా, మీరు ఆ తమాషా చూడాలి. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన ఒక పెద్దాయనకు చెమట పట్టింది. ఒకామె కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. పక్కవాళ్లు చూస్తారని సిగ్గు! మీలో ఎంతమంది మొదటి నెలలో అట్లా చెయ్యి అడ్డం పెట్టారో నాకు తెలుసు. మకు మ ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకాయన తలకట్టు మీద ఎక్కించాడు.

అప్పుడు నోళ్లు విచ్చుకున్నాయి. "మా అక్షరాలు కూడా ఇట్లాగే ఉంటాయి" అన్నారు. నిజమే. ఇప్పుడు వాళ్లు ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు కానీ, జావా భాషకు పాత లిపి ఉంది. ఆ ఊళ్లో వీధి బోర్డుల మీద ఇప్పటికీ రాస్తారు. ఇరవై అక్షరాలు. హ, న, చ, ర, క అని మొదలవుతుంది. గుణింతాల గుర్తులు ఉన్నాయి. కిందికి వేలాడే ఒత్తులు కూడా ఉన్నాయి! పూర్వం మన దక్షిణాది నుంచి సముద్రం దాటి వెళ్లిన లిపిలోంచి పుట్టింది. మనవాళ్లు ఓడలెక్కి పోయినప్పుడు మిరియాల లెక్కతోపాటు ఒత్తులు కూడా పట్టుకుపోయారన్నమాట.

అక్కడ బడుల్లో ఒకామె బొమ్మ కనిపిస్తుంది. పేరు కార్తిని. 1879లో జెపారా అనే ఊళ్లో పెద్ద అధికారి ఇంట్లో పుట్టింది. పన్నెండేళ్లకు బడి మాన్పించారు. పెళ్లి అయ్యేదాకా ఇల్లు కదలకూడదు, అది ఆచారం. ఆమె గోడల మధ్య కూర్చుని స్నేహితులకు ఉత్తరాలు రాసింది. ఆడపిల్లకు చదువెందుకు లేదని అడిగింది. తరవాత ఆడపిల్లలకు బడి పెట్టింది. 1904లో, ఇరవై అయిదేళ్లకే, బిడ్డను కని నాలుగు రోజులకు పోయింది. ఆ ఉత్తరాలు 1911లో పుస్తకంగా వచ్చాయి. ఏప్రిల్ 21 ఆమె పుట్టినరోజు, దేశమంతా పండుగ చేస్తారు. ఉత్తరాలు రాసినందుకు పండుగ!

మూడో రోజు సాయంత్రం మమ్మల్ని పల్లెలో ఒక చదువు కేంద్రానికి తీసుకుపోయారు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

పదిహేను మంది ఆడవాళ్లు ఉన్నారు. వెనక ఒక ముసలమ్మ. అక్కడ ముసలివాళ్లను ఎంబా అంటారు. నేను ఆమెను నవ్వుతూ బోర్డు దగ్గరికి పిలిచాను. పేరు రాయి ఎంబా అన్నాను. మన దగ్గర అట్లా పిలిస్తే చప్పట్లు కొడతాం కదా! ఆమె "ఇంగ్గి" అని వచ్చింది. చాక్‌పీసు పట్టుకుంది. ఒక గీత గీసి ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. నేను ఊరుకోక, "పరవాలేదు, ప్రయత్నించు" అన్నాను. ఆమె నవ్వుతూనే నిలబడింది. తరవాత వెళ్లి కూర్చుంది. మర్నాడు రాలేదు.

అక్కడి టీచరమ్మ రెండు రోజులు దాచి, చివరికి దారిలో చెప్పింది. ఎంబా జాము అమ్ముతుంది. జాము అంటే పసుపు, అల్లం, చింతపండు, తాటిబెల్లం వేసి కాచిన మందు నీళ్లు. తెల్లవారుజామునే కాచి, సీసాలు వెదురు బుట్టలో పెట్టి, వీపుకు గుడ్డతో కట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. అప్పు లెక్క ఇంటి తలుపు మీద బొగ్గుతో గీసేది. బావి ఉన్న ఇంటికి సున్నా. మోటారు సైకిలు బాగుచేసేవాడికి చక్రం. పక్కన తాగినన్ని గీతలు. ఆగస్టు 17 వాళ్ల స్వాతంత్ర్య దినం. పండుగకు ముందు ఇళ్లకు రంగులేస్తారు. అంతకు ముందు ఏడాది కొడుకు తలుపుకు రంగు వేశాడు. లెక్కంతా పోయింది. ఎవరెంత ఇవ్వాలో అడగలేక, ఎంబా చదువుకు వచ్చింది.

ఆ గదిలో కూర్చున్న వాళ్లలో సగం మంది ఆమెకు బాకీ ఉన్నవాళ్లే. వాళ్ల ముందు నేను ఆమెను నిలబెట్టి, ఆమెకు అక్కర లేని అక్షరాలు రాయమన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి అయిదింటికి టీచరమ్మను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. ఎంబా ఒక్క మాట అనలేదు. చేదు జాము ఒక గ్లాసు ఇచ్చింది. ఆ చేదు పోవడానికి తియ్యనిది ఇంకో గ్లాసు ఇచ్చింది. తలుపు చూపించమన్నాను. కొత్త గీతలు ఉన్నాయి. టీచరమ్మ ఒక నోటుబుక్కు ఇచ్చి, చక్రం పక్కన ఆ ఇంటివాడి పేరులో మొదటి అక్షరం రాసి చూపించింది. ఒక్క అక్షరం, ఒక అంకె. అంతే.

తరవాతి రెండు రోజులు ట్రైనింగు గదిలో జరగలేదు. టీచర్లు ఇద్దరిద్దరుగా ఊళ్లోకి పోయారు. ఎవరికి ఏ రాత అవసరమో చూసి వచ్చారు. ఎరువుల బస్తా మీది మాటలు, మందుల చీటీ, ఫోన్ నంబర్లు తెచ్చారు. ఆడవాళ్లు నెలనెలా డబ్బు వేసి, చీటీ తీసి ఒకరికి ఇచ్చే పద్ధతి అక్కడా ఉంది. దాన్ని అరిసాన్ అంటారు. ఆ పేర్ల జాబితా ఒకటి తెచ్చారు. వాటితోనే పాఠాలు కట్టారు. నేను ఇండియా నుంచి మోసుకుపోయిన చార్టులు చుట్ట విప్పకుండానే తిరిగి తెచ్చాను. ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి.

చివరి రోజు కేంద్రంలో అందరం సెలవు తీసుకుంటుంటే ఎంబా వచ్చింది. అందరిలోంచి నా దగ్గరికి నడిచి వచ్చి నోటుబుక్కు తెరిచింది. ఆఖరి వరసలో వంకర అక్షరాలతో "ఇండో" అని, పక్కన 2 అని ఉంది. టీచరమ్మను అడిగి రాసుకోలేదట. పండుగ బ్యానర్ల మీద ఇండోనేషియా అని ఊరంతా రాసి ఉంది కదా. ఇండియా కూడా అట్లాగే మొదలవుతుందని తానే చూసి రాసుకుందట.

నేను రెండు గ్లాసులకు డబ్బులివ్వడం మరిచిపోయాను.

గ్లాసు రెండు వేల రుపియా. నేను అయిదు వేల నోటు ఇచ్చి, ఉంచుకో అన్నాను. ఆమె వినలేదు. వెయ్యి తిరిగి ఇచ్చి, పెన్సిలు తడిచేసి, అందరి ముందూ ఆ వరస కొట్టేసింది.