బ్యాటరీకి వార్ధక్య పరీక్షలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు కనుక నేను మరో విషయం ఎత్తుకుంటాను. మన సెల్‌ఫోనులోను, మనుమల విద్యుత్ స్కూటరులోను ఉండే లిథియం అయాన్ బ్యాటరీ ముసలిదయిందని ఎలా కనిపెడతారు? స్కూటరు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే గనుక ఇది మన జేబుకు సంబంధించిన విషయం కూడాను.

1991లో జపానులోని సోనీ సంస్థ ఈ బ్యాటరీని మార్కెట్టులోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్ గారి వయస్సు 97 సంవత్సరాలు. మన వయస్సువారంతా సంతోషించదగిన సంగతి!

బ్యాటరీకి వార్ధక్యం రెండు విధాల వస్తుంది. వాడకపోయినా కాలం గడిచేకొద్దీ వచ్చేది ఒకటి, వాడకం వల్ల వచ్చేది రెండవది. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ చూసి మనిషి ఓపిక చెప్పలేనట్లే, కొన్న తేదీ చూసి బ్యాటరీ సత్తువ చెప్పలేము. అందుకే పరీక్షలు.

మొదటిది నిల్వ పరీక్ష. నిండా ఛార్జి చేసి, నిలకడైన కరెంటుతో ఖాళీ చేసి, ఎంత వచ్చిందో లెక్కిస్తారు. కొత్తలో 100 ఉన్నది 80కి దిగితే వాహనానికి రిటైర్మెంటు వయస్సు వచ్చినట్లు సాధారణంగా భావిస్తారు. అయితే ఎంత తగ్గిందో తెలుస్తుంది గాని, ఎందుకు తగ్గిందో తెలియదు.

రెండవది ఇంపెడెన్స్ పరీక్ష. స్వల్పమైన ఏ.సి. కరెంటును రకరకాల ఫ్రీక్వెన్సీలలో పంపి, లోపల ఎక్కడ ఎంత అడ్డు ఉందో చూస్తారు. డాక్టరుగారి స్టెతస్కోపు వంటిది.

మూడవది జమాఖర్చుల తనిఖీ. పెట్టినదెంత, తిరిగి వచ్చినదెంత అని అతి సూక్ష్మంగా కొలవడం. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ గారు దీనిలో ప్రసిద్ధులు. ఇది తిరగేసిన చక్రవడ్డీ లెక్క. విడతకు 0.1 శాతం చొప్పున తరిగితే 1000 విడతల తరువాత మిగిలేది సుమారు 37 శాతం. 0.01 శాతమే తరిగితే 90 శాతం మిగులుతుంది. ఆ చిన్న తేడాను ముందే పట్టుకుంటే, బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందో ఏళ్లతరబడి ఆగకుండానే అంచనా వేయవచ్చు.

చివరిది పోస్టుమార్టం. గాలి, తేమ తగలకుండా ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో బ్యాటరీని విప్పి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలిస్తారు. రుణ ఎలక్ట్రోడు మీద పొర మందమెక్కి లిథియాన్ని బంధించిందా, చలిలో వేగంగా ఛార్జి చేసినందువల్ల లిథియం లోహమై పేరుకుందా అన్నది బయటపడుతుంది.

మిత్రులారా, అసలు సంగతి ఇక్కడే ఉంది. రెండు బ్యాటరీలూ 80 శాతమే చూపవచ్చు. పొర వల్ల నెమ్మదిగా తగ్గినదానిని సౌర విద్యుత్తు నిల్వ వంటి తేలికపాటి పనిలో పెట్టవచ్చు. లోహం పేరుకున్నది మాత్రం ప్రమాదకారి. ఒక్క అంకె చూసి దేనినీ పారవేయరాదు, దేనినీ నమ్మరాదు.

కనుక పాత స్కూటరు కొనేవారు తిరిగిన కిలోమీటర్లతో సరిపెట్టుకోక బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడగండి. నిండా ఛార్జి చేసి ఎండలో ఉంచకండి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయవద్దు, పొడవవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. పాత బ్యాటరీలు సేకరించే కేంద్రానికి అప్పగించండి.