పాపికొండల మధ్య మీరిద్దరూ, ఒక కెమెరా: మునగబోయే లోయని ఎలా తీయాలి?

వైజాగ్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. మన చానల్‌లో ఎక్కువగా ఉద్యోగాలు, కోడింగ్, సిటీ కబుర్లు మాట్లాడుకుంటాం కదా. ఈసారి టాపిక్ వేరు. భార్యాభర్తలిద్దరూ ఒక చిన్న కెమెరా పట్టుకుని, నది కొండల్ని చీల్చుకుంటూ వెళ్లే లోయల్లోకి పోయి సినిమా తీసుకోవడం గురించి మాట్లాడదాం. ప్రొఫెషనల్స్ గురించి కాదండీ. ఒకరు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేస్తూ, ఇంకొకరు మధురవాడలో లాప్‌టాప్ ముందు కూర్చుంటూ, రెండు రోజులు సెలవు దొరికితే బ్యాగ్ సర్దుకునే జంటల గురించి. మీలో చాలామంది అలాంటివాళ్లే. నేను, మా ఆవిడ కూడా అంతే.

అలా తీసిన వీడియో ఏమవుతుంది? స్టేటస్‌లో ఒకరోజు ఉంటుంది, తర్వాత ఫోన్ మెమరీ నిండిపోయిందని డిలీట్ అయిపోతుంది. ఆ వీడియోకి మీరు అనుకునే దానికంటే చాలా ఎక్కువ విలువ ఉందని చెప్పడానికే ఈ ఎపిసోడ్. ముందు అమెరికా నుంచి రెండు కథలు చెప్తాను. ఆ తర్వాత మన గోదావరికి వద్దాం.

మొదటి కథ 1938లోది. బెర్నార్డ్ ద కొల్మాంట్, జెనెవీవ్ అని కొత్తగా పెళ్లయిన ఫ్రెంచ్ జంట. వాళ్లతో పాటు ఆంట్వాన్ ద సేన్ అనే స్నేహితుడు. ముగ్గురూ చిన్న కయాక్‌లు, అంటే తెడ్డు వేసుకుంటూ నడిపే సన్నటి పడవలు, వెంట తీసుకుని అమెరికా వెళ్లారు. వ్యోమింగ్ రాష్ట్రంలో గ్రీన్ రివర్ అనే ఊరి దగ్గర నదిలో దిగారు. అక్కణ్ణుంచి గ్రీన్ నది, ఆ తర్వాత కొలరాడో నది పట్టుకుని, లోయ తర్వాత లోయ దాటుకుంటూ, ఆరిజోనాలోని లీస్ ఫెర్రీ దాకా వచ్చారు. పెళ్లయ్యాక మనం అరకు వెళ్తాం, వాళ్లు ఇలా వెళ్లారన్నమాట. వెళ్తూ వెళ్తూ కలర్ ఫిల్మ్ మీద ఆ ప్రయాణమంతా తీసుకున్నారు. కలర్ ఫిల్మ్ ఇళ్లలో వాడుకునేవాళ్ల చేతికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

వాళ్ల దృష్టిలో అది తమ ప్రయాణం జ్ఞాపకం. కానీ వాళ్లు దాటిన లోయల్లో గ్లెన్ కాన్యన్ ఒకటి. 1963 మార్చిలో గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశారు. వెనక నీళ్లు పెరుగుతూ పెరుగుతూ, 1980కి లేక్ పవెల్ అనే పెద్ద రిజర్వాయర్ పూర్తిగా నిండింది. పైన ఫ్లేమింగ్ గార్జ్ దగ్గర కూడా 1960ల్లోనే డ్యామ్ వచ్చింది. అంటే ఆ కొత్త జంట సరదాగా తీసుకున్న ఫిల్మ్, పాతికేళ్లు తిరిగేసరికి, మళ్లీ ఎవరూ తీయలేని చోట్లకి సాక్ష్యం అయిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఇయాన్ మెక్‌క్లస్కీ అనే డాక్యుమెంటరీ దర్శకుడు వాళ్ల కథని వెతికి పట్టుకుని, అదే నది మీద మళ్లీ ప్రయాణం చేసి సినిమా తీశాడు.

రెండో కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1950ల్లో అదే నదీ వ్యవస్థ మీద ఎకో పార్క్ అనే చోట డ్యామ్ కడదామన్నారు. అక్కడ గ్రీన్, యాంపా నదులు కలుస్తాయి. చూసినవాళ్లు చాలా తక్కువ. 1952లో హెరాల్డ్ బ్రాడ్లీ అనే ప్రొఫెసర్ కొడుకుల్ని తీసుకుని ఆ లోయలో పడవ ప్రయాణం చేశాడు, ఇంట్లోవాళ్లు తీసుకునే మామూలు హోమ్ మూవీ తీశాడు. ఆ హోమ్ మూవీని సియెర్రా క్లబ్ వాళ్లు ఊరూరా చూపించారు. "అబ్బా, ఇంత అందమైన చోటా మనం ముంచబోతున్నది?" అని జనం మాట్లాడుకోవడం మొదలైంది. సినిమా ఒక్కటే డ్యామ్‌ని ఆపిందని నేను అనను. ఉత్తరాలు రాశారు, కాంగ్రెస్ కమిటీ ముందు వాదించారు. డేవిడ్ బ్రోవర్ అయితే ప్రభుత్వ ఇంజినీర్లు వేసిన నీటి ఆవిరి లెక్కల్లో కూడికలు, తీసివేతల తప్పులు పట్టుకున్నాడు. మన ఇంజినీరింగ్ బ్యాచ్ వినాల్సిన పాయింట్ అది. మొత్తానికి 1956లో వచ్చిన చట్టంలో ఎకో పార్క్ డ్యామ్ లేదు.

ఇక్కడ ఆగండి. గ్లెన్ కాన్యన్ డ్యామ్‌కి అనుమతి ఇచ్చింది కూడా అదే చట్టం. ఒక లోయ మిగిలింది, ఇంకొకటి మునిగింది. గ్లెన్ కాన్యన్ ఎలా ఉంటుందో జనానికి పెద్దగా తెలియదు. మునిగే ఏడాది, 1963లో, ఎలియట్ పోర్టర్ తీసిన ఫొటోలతో సియెర్రా క్లబ్ ఒక పుస్తకం వేసింది. ఆ పుస్తకం పేరుకి అర్థం 'ఎవరికీ తెలియని చోటు' అని. గేట్లు మూశాక తెలిసి ఏం లాభం చెప్పండి?

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

వైజాగ్ నుంచి రైలెక్కితే మూడు, మూడున్నర గంటల్లో రాజమండ్రి. అక్కణ్ణుంచి రోడ్డు మీద గండి పోచమ్మ గుడి వైపు వెళ్తే బోట్లు. ఆ బోటు ఎక్కితే పాపికొండలు. తల దువ్వి పాపిడి తీసినట్టు కొండల మధ్య గోదావరి ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మనం రోజూ చూసే సింహాచలం కొండ, కైలాసగిరి తూర్పు కనుమల్లో భాగం. అక్కడి రాయిని ఖోండలైట్ అంటారు, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. పాపికొండలు కూడా ఆ తూర్పు కనుమల గొలుసులోవే. గోదావరి ఆ గొలుసుని కోసుకుని సముద్రం వైపు వచ్చే చోటన్నమాట. చుట్టూ అడవిని 1978లో అభయారణ్యం చేశారు, 2008లో నేషనల్ పార్క్ అయింది. వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుంది.

ఆ లోయకి కింద పోలవరం కడుతున్నారు. పూర్తిగా నింపితే నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. కొండలు మునగవు. కొండల కాళ్లు మునుగుతాయి. అంటే గట్లు, ఇసుక తిన్నెలు, వాగులు వచ్చి కలిసే చోట్లు, ఊళ్లు. లక్షకు పైగా కుటుంబాల మీద ప్రభావం ఉంటుందని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి. అందులో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. కాఫర్ డ్యామ్ వచ్చాక వరద సమయంలో వెనక నీళ్లు ఎగదన్ని, గండి పోచమ్మ గుడి మునగడం మనం టీవీలో చూస్తూనే ఉన్నాం. దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అంటే ఇది ఎప్పుడో జరగబోయేది కాదు, మొదలైపోయింది.

ఇందులో వైజాగ్ వాళ్లకేం సంబంధం అంటారా? పోలవరం ఎడమ కాలువ మన వైపే వస్తుంది. ఆ ప్రాజెక్టు నుంచి విశాఖ తాగునీటికి, స్టీల్ ప్లాంట్‌తో సహా పరిశ్రమలకి కలిపి 23.44 టీఎంసీలు కేటాయించారు. ఇప్పుడు ఏలేరు నీళ్ల మీద ఆధారపడిన సిటీ ఇది. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్ మనది. ఆ నీళ్లు మనకి కావాలి. ప్రాజెక్టు వద్దని చెప్పడానికి నేను ఈ వీడియో చేయట్లేదు. రేపు మన కుళాయిలో నీళ్లు వస్తే, అవి ఏ లోయ నిండితే వచ్చాయో చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. అది కనీస బాధ్యత అంటున్నాను.

ఇది వైజాగ్‌కి కొత్త కాదు. స్టీల్ ప్లాంట్ కోసం భూములిచ్చి ఆర్ కార్డు పట్టుకుని తిరిగిన కుటుంబాలు గాజువాక, అగనంపూడి వైపు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ పాత ఊళ్లు ఎలా ఉండేవి? చెరువు ఎక్కడ, గుడి ఎక్కడ, మామిడి తోట ఎక్కడ? తాతలు చెప్తారు, మనం వింటాం. చూపించమంటే మాత్రం ఎన్ని ఇళ్లలో ఒక్క వీడియో, ఒక్క కలర్ ఫొటో అయినా ఉంటుంది? అప్పట్లో కెమెరా అందరికీ లేదు. ఇప్పుడు ప్రతి జేబులో ఉంది. తేడా అదొక్కటే.

"పాపికొండల మీద సినిమాలే ఉన్నాయి కదా?" అనొచ్చు. ఉన్నాయి. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'. రెండూ నది మీద పడవలోనే నడుస్తాయి. ఈసారి చూసేటప్పుడు హీరో హీరోయిన్ల వెనక కనిపించే గట్టుని చూడండి. కథ కోసం తీసిందే, ఇప్పుడు ఆ నది పాత రూపానికి రికార్డు. కానీ వాళ్లు కథకి కావలసినంతే తీస్తారు. మిగతాది మనలాంటివాళ్లు తీయాలి.

ఎలా తీయాలో కూడా చెప్తాను. మేమిద్దరం పాటించేవి ఇవే.

ఒకటి, ఒకే చోటు, ఒకే కోణం. ప్రతిసారీ కొత్త యాంగిల్ వెతకొద్దు. ఒక మలుపు, ఒక బండ, ఒక రేవు ఎంచుకోండి. ఎండాకాలంలో ఇసుక తిన్నె కనిపించేటప్పుడు తీయండి, వరద తగ్గాక తీయండి, కార్తీకంలో తీయండి. కొలరాడో మీద 1889-90ల్లో రాబర్ట్ స్టాంటన్ రైలు మార్గం సర్వే కోసం ఫొటోలు తీశాడు. వందేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు వెళ్లి అవే చోట్ల నిలబడి మళ్లీ తీసి, నది ఎంత మారిందో లెక్క కట్టారు. స్టాంటన్ తీసింది రైలు కోసం. ఆ రైలు మార్గం రాలేదు, ఫొటోలు పనికొచ్చాయి.

రెండు, మీ ఆవిడో, మీ ఆయనో ఫ్రేమ్‌లో ఉండటం తప్పేం కాదు. నేచర్ వీడియోలో మనిషి ఎందుకు అంటారు. నేను ఉండాలంటాను. మా ఆవిడ ఎత్తు నాకు తెలుసు. ఒక బండ పక్కన తను నిలబడితే ఆ బండ ఎంత ఎత్తో తెలుస్తుంది. వచ్చే ఏడాది అదే బండ మీద నీటి గుర్తు ఎక్కడిదాకా ఉందో చూస్తే, మట్టం ఎంత పెరిగిందో ఇంట్లో కూర్చుని లెక్క వేయొచ్చు. ఇంతకంటే చవకైన కొలబద్ద దొరకదు.

మూడు, చప్పుడు. మన టూరిస్ట్ బోట్లలో డీజే పాటలు ఎలా ఉంటాయో తెలుసు కదా. వీడియోలో అదే వినిపిస్తుంది. పేరంటపల్లిలో బోటు ఆగినప్పుడు గుడికి, వాగుకి కొంచెం దూరంగా నడిచి, నోరు మూసుకుని ఐదు నిమిషాలు శబ్దం మాత్రమే రికార్డ్ చేయండి. రిజర్వాయర్ అయ్యాక పారే నీటి శబ్దం అలా ఉండదు.

నాలుగు, పేర్లు. ప్రతి క్లిప్ మొదట్లో గొంతుతోనే చెప్పండి: తేదీ, టైమ్, ఏ గట్టు, పక్కన ఏ ఊరు. అక్కడివాళ్లు ఆ బండని, ఆ వాగుని ఏమని పిలుస్తారో అడగండి. మ్యాప్‌లో లేని పేర్లు వాళ్ల దగ్గర ఉంటాయి. వెదురు వస్తువులు అమ్మే అవ్వ ముఖం మీద కెమెరా పెట్టకండి. ముందు కూర్చోండి, మాట్లాడండి, "తియ్యొచ్చా అవ్వా?" అని అడగండి. వద్దంటే వద్దు. మా ఇంట్లో ఈ పని మా ఆవిడది, నోట్‌బుక్ తనే రాస్తుంది. నాకు లెన్స్ గుర్తుంటుంది, తనకి మనుషులు గుర్తుంటారు. ఇద్దరు వెళ్తే లాభం అదే.

ఐదు, భద్రత. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు బోల్తా పడిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అందులో కుటుంబాలు కుటుంబాలే పోయాయి. లైఫ్ జాకెట్ ఫొటో కోసం కూడా తీయకండి. ఒకరు స్క్రీన్ చూస్తుంటే ఇంకొకరు నీళ్లు, అడుగు వేసే చోటు చూడాలి. వరద రోజుల్లో వెళ్లొద్దు. నేషనల్ పార్క్ పరిధిలో డ్రోన్ ఎగరేయాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అనుమతి లేదంటే డ్రోన్ బ్యాగ్‌లోనే ఉంచండి.

ఆరు, దాచడం. వాట్సాప్‌లో పంపిన ఫైల్‌ని కాపీ అనుకోకండి, అది క్వాలిటీ పోయిన నీడ. ఒరిజినల్ ఫైల్ మూడు చోట్ల ఉండాలి: లాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇల్లు దాటి ఇంకెక్కడైనా, క్లౌడ్‌లోనో అమ్మావాళ్లింట్లోనో, ఒకటి. ఫైల్ పేరులో తేదీ, ఊరు పెట్టండి. హుద్‌హుద్ చూసిన సిటీకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చివరిగా ఒక పని. 2021కి ముందు మీరు పాపికొండలు వెళ్లి ఉంటే, ఈ ఆదివారం ఇంట్లో పాత ఫోన్లు, మెమరీ కార్డులు, పెళ్లి సీడీల పక్కన పడున్న సీడీలు తీయండి. కాలేజీ టూర్ వీడియో అయినా సరే, మీ అత్తగారు బోటులో వంకాయ కూర వడ్డించుకుంటున్న క్లిప్ అయినా సరే. వెనకాల గట్టు కనిపిస్తే చాలు. తేదీ, చోటు రాసి భద్రం చేయండి. ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఆ పని చేయండి, తేదీ ఒకరికి గుర్తు రాకపోతే ఇంకొకరికి వస్తుంది. మీకు ఏం దొరికిందో కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.

అంతవరకు జాగ్రత్త. ఉంటాను, నమస్తే.