గోస గొప్పది కాదు, మనిషి గొప్పోడు
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలు కాకముందు ఒక తమ్ముడు నన్ను అడిగిండు: ‘సార్, ఇంత గోసపడి బతకాల్నా?’ సొంతంగా జవాబు చెప్పే అర్హత నాకు లేదు. ఆ అర్హత ఉన్న ఒక మనిషి కథ చెప్తా.

ఆయన పేరు విక్టర్ ఫ్రాంకెల్. 1905లో వియన్నాలో యూదుల ఇంట్ల పుట్టిండు. మానసిక వైద్యుడు. చిన్న వయసులోనే యువకుల కోసం ఉచిత సలహా కేంద్రాలు నడిపిండు. 1930లో బడి పిల్లలకు మార్కులిచ్చే సమయంలో ప్రత్యేకంగా వాళ్లతో మాట్లాడే ఏర్పాటు చేసిండు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ నగరంలో విద్యార్థుల ఆత్మహత్యలు లేకుండా ఆ కాలం గడిచింది. పక్కన కూర్చొని వినే మనిషి ఉంటే ప్రాణం నిలబడుతుందని ఆయనకు అప్పుడే తెలుసు.

1938లో హిట్లర్ ఆస్ట్రియాను మింగిండు. ఫ్రాంకెల్‌కు అమెరికా వీసా వచ్చింది. కానీ ముసలి తల్లిదండ్రులను వదిలి పోలేక వీసాను వదులుకున్నడు. 1942లో భార్య, తల్లిదండ్రులతో పాటు ఆయనను కూడా నాజీలు నిర్బంధ శిబిరానికి తరలించిన్రు. తండ్రి అక్కడే కన్నుమూసిండు. 1944లో ఆష్విట్జ్‌కు పంపిన్రు. కోటులో దాచుకున్న పుస్తకం రాతప్రతి, అంటే ఆయన జీవితకాలపు పని, అక్కడే పోయింది. పేరు కూడా పోయి 119104 అనే నంబరు మిగిలింది.

నీళ్ల చారు, రొట్టె ముక్క, మంచులో వెట్టిచాకిరి. అసుంటి చోట కూడా ఆ డాక్టరు మనుషులను గమనించిండు. 1944 క్రిస్మస్‌కల్లా ఇంటికి పోతామని చాలామంది ఆశపడ్డరు. పండుగ వచ్చింది, విడుదల రాలేదు. ఆ వారంలో చావులు ఒక్కసారిగా పెరిగినయ్. తిండి మారలేదు, పని మారలేదు. ఆశ తెగింది, అంతే.

చచ్చిపోదామనుకున్న ఇద్దరు ఖైదీలు ఆయన దగ్గరికి వచ్చిన్రు. బతుకు నుంచి తమకు ఇంకేమీ రాదన్నరు. ఆయన ఆ ప్రశ్ననే తిరగేసిండు. నీ కోసం ఎదురుచూసేది ఏముందని అడిగిండు. ఒకాయనకు పరదేశంలో బిడ్డ ఉంది. ఇంకొకాయన శాస్త్రవేత్త, రాయాల్సిన పుస్తకాలు సగంలో ఆగినయ్. బిడ్డకు తండ్రిని ఇంకెవరూ ఇయ్యలేరు. ఆ పుస్తకాలను ఇంకెవరూ పూర్తి చేయలేరు. బతకడానికి ఆ కారణం చాలు.

అయితే ఒక మాట జాగ్రత్తగా వినాలె. అర్థం తెలిసినోళ్లు బతికిన్రు, తెలియనోళ్లు చచ్చిన్రు అని ఎవరైనా అంటే అది అన్యాయం. గ్యాస్ గదులు ఎవరినీ అర్థం అడగలేదు. తమలో మంచివాళ్లు తిరిగి రాలేదని ఫ్రాంకెలే రాసిండు. బాధను పూజించమని కూడా ఆయన చెప్పలేదు. తీసేయగల బాధను తీసెయ్యాల్సిందే. అన్యాయం మీద కొట్లాడాల్సిందే. ఊరికే భరించడం వీరత్వం కాదు. తప్పించుకోలేని గోస ఎదురైనప్పుడు మాత్రం, దాని ముందు ఎట్ల నిలబడాల్నో ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి ఉంటుంది. దాన్ని ఏ కాపలా సైనికుడూ గుంజుకోలేడు.

1945 ఏప్రిల్ 27న ఆయనకు విడుదల దొరికింది. వియన్నాకు వస్తే భార్య లేదు, తల్లి లేదు, అన్నదమ్ముడు లేడు. ఆ దుఃఖంలోనే తొమ్మిది రోజుల్లో శిబిరం అనుభవాల పుస్తకం చెప్పి రాయించిండు. అది 1946లో అచ్చయింది. తర్వాత పాతికేళ్లు ఒక ఆసుపత్రిలో నరాల విభాగానికి పెద్దగా పనిచేసిండు. 1997లో, 92 ఏళ్ల వయసులో కన్నుమూసిండు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. బతుకు ఏమిచ్చిందని ఇవాళ ఒక్కరోజు అడగకు. నా కోసం ఎవరు చూస్తున్నరు, నేను చేయాల్సిన ఏ పని సగంలో ఉంది అని అడుగు. జవాబు తోచకపోతే ఒంటరిగా కూర్చోకు. సోపతిగాళ్లకు చెప్పు, అమ్మకు చెప్పు, 14416 టెలీ మానస్‌కు ఫోన్ చెయ్. మిగతా వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఫలితాలు వచ్చిన రోజు పక్క రూం తలుపు మూసి ఉంటే, పోయి కొట్టుండ్రి. తలుపు తీసేదాకా కొట్టుండ్రి.

సెలవు.